నీటి మట్టం

కొరుక్కుపేటలో మా ఇంటి వెనక చెక్క వసారా
కాలువ వైపు ఒరగడం మొదలై చాలా రోజులైంది.
ముందు నిమ్మకాయ దొర్లింది.
తర్వాత పిల్లల గోళీలు, అప్పడాల డబ్బా.
తలుపు మూతపడక ఆండాళు వదిన
రాత్రిళ్ళు పాత చెప్పు అడ్డం పెట్టి పడుకునేది.

మేస్త్రీ ఏళుమలై కిందికి దూరి
గుంజ అడుగున స్క్రూడ్రైవర్ గుచ్చాడు.
పిడిదాకా దిగింది, బెల్లపు ముద్దలోకి దిగినట్టు.
పైకి మాత్రం నిగనిగ,
ఏటా దీపావళికి అన్నయ్య వేసే ఆకుపచ్చ రంగు.
"నాలుగు కాళ్ళలో రెండు
రంగు మీదే నిలబడున్నాయి సార్" అన్నాడు అరవంలో.
అన్నయ్య నవ్వలేదు.

కూలీ లెక్క విన్నాక
దామోదరం అన్నయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.
మూడోరోజు నాకు ఫోను:
"వాడి దగ్గర జాకీలుంటాయి కదా."
వాడంటే గజేంద్రం. మా తమ్ముడు.
అన్నయ్య వాణ్ణి పేరుపెట్టి పిలిచి తొమ్మిదేళ్ళు.
అమ్మ కుట్టుమిషను ఎవరికన్న దగ్గర మొదలైంది,
ఎటు పోయిందో మిషనుకే తెలియాలి.

ఆదివారం తెల్లారుతూనే లారీ హారన్.
రెండు భుజాల మీద రెండు జాకీలతో
వాడు ఇంట్లోంచి కాక సందులోంచి వచ్చాడు.
వదిన కాఫీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టింది.
వాడు పిట్టగోడ మీంచి తీసుకున్నాడు.

తవ్వితే బురద, దాని కింద మళ్ళీ బురద,
వరదనాటి సంచులు, మాది కాని స్టీలు గరిటె.
అడుగున, తాత పునాది అని చెప్పుకున్నది:
మూడు ముక్కలైన రుబ్బురోలు, కాస్త సున్నం.
ఇన్నాళ్ళూ ఇడ్లీపిండి రాయి మీద
సంసారం చేశామన్నమాట.
"అత్తా, ఇల్లు బరువా?" అంది నిరుపమ ఇటుకలు మోస్తూ.
తేలికైతే వరదలోనే పోయేది, అన్నాను.

దూలం రెండు చివరలా ఒక్కసారే లేవాలి.
ఒకడు ముందు తిప్పితే చీలుతుంది.
పావు చుట్టు, ఆగు. పావు చుట్టు, ఆగు.
ఆ చివర అన్నయ్య, ఈ చివర తమ్ముడు.
నీళ్ళు నింపిన గొట్టం ఒక కొస నా చేతిలో,
ఇంకో కొస నిరుపమ చేతిలో.
నీళ్ళు ఎక్కడ నిలిస్తే అదే మాట.

"ఒకటి" అన్నాడు అన్నయ్య, గోడతో.
ఇటువైపు ఇనుము మాత్రం కిర్రుమంది.
"నోరు తెరవండప్పా!" ఏళుమలై అరిచాడు,
"దూలం కింద ఉన్నది నా తల!"
"ఒకటి" అన్నాడు గజేంద్రం.
"రెండు."
"రెండు."
పదకొండు దగ్గర చెక్క మూలిగింది.
పదమూడు దగ్గర తమ్ముడు "ఆగు" అన్నాడు.
"ఏం?"
"నీ పక్క రాయి జరుగుతోంది."
తొమ్మిదేళ్ళకి వాళ్ళు మాట్లాడుకున్నారని
అప్పుడెవరికీ తట్టలేదు,
అందరం రాయి మీదే ఉన్నాం.

ఇరవై రెండు.
పైన ఎవరూ ముట్టకుండానే తలుపు టక్కుమని పడింది.
లోపల వదిన. గొళ్ళెం దానంతటదే బిగుసుకుంది.
"తియ్యండ్రా!" అంటోంది, నవ్వుతోందో ఏడుస్తోందో.
తియ్యడానికి ఎవరికీ చేతులు ఖాళీ లేవు.

సాయంత్రం కాంక్రీటు. చేతినించి చేతికి బొచ్చెలు.
ఎల్లుండి దాని మీద ఇటుక కాళ్ళు కడతానన్నాడు ఏళుమలై,
"పదిహేను రోజులు జాకీలు కదపొద్దు,
తడపడం మరవొద్దు" అని డబ్బు లెక్కపెట్టుకున్నాడు.
"రంగు?" అంది వదిన.
"ఈసారి వద్దు. ఇటుక ఇటుకలాగే కనబడనీ."
గజేంద్రం కాళ్ళు కడుక్కుని
వచ్చిన సందులోంచే వెళ్ళాడు.

రాత్రి పదకొండుకి వాడి లోడు నెల్లూరికి.
అన్నయ్య మెట్ల మీద కూర్చుని
"దారిలో టైరు పోతే ఏం చేస్తాడు" అన్నాడు,
నాతో కాదు.
కాసేపటికి టార్చీ వేసుకుని కిందికి దూరి
రెండు జాకీల మీదా గోనెపట్టాలు కప్పి వచ్చాడు,
తుప్పు పట్టకుండా, వాన వస్తే.

వాన సూచన ఏమీ లేదు.